అమెరికన్ పేల్ ఏల్ రుచి చూసి మార్కులు వేయడం ఎలా

"బాగుంది" అనడానికి ఎవరికీ శిక్షణ అక్కర్లేదు. ఎందుకు బాగుంది, ఎక్కడ తేడా కొట్టింది, తయారు చేసినవాళ్లు వచ్చేసారి ఏం మార్చుకోవాలి అని చెప్పాలంటే మాత్రం సాధన కావాలి. కొత్తగా నేర్చుకునే ఎవరికైనా నేను మొదట చేతికిచ్చే బీరు అమెరికన్ పేల్ ఏల్. స్టౌట్ అనే నల్ల బీరు తీసుకుంటే మాడిన గింజల ఘాటు చిన్న చిన్న లోపాలను కప్పేస్తుంది. చేదు బాగా ఎక్కువుండే గట్టి ఐపీఏ రకంలో, చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ పువ్వుల జోరుకి, తీపినిచ్చే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ఉందో లేదో కూడా తెలియదు. పేల్ ఏల్‌లో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఏది ఎక్కువైనా, ఏది తక్కువైనా రెండు గుక్కల్లో బయటపడుతుంది.

మనకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఈ బీరుకి ప్రాణం చేదు. చేదుని, వగరుని కలిపేయకుండా వేరే మాటలతో పిలిచే భాష మనది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎక్కడ తగిలిందో, మామిడి ముక్క ఎక్కడ తగిలిందో చిన్నప్పుడే చెప్పగలిగిన నాలుక మీది. అమెరికాలో హోమ్‌బ్రూ (ఇంట్లో కాచిన బీరు) పోటీల్లో తీర్పు చెప్పడానికి కూర్చున్నప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే. కాబట్టి ఇంగ్లిష్ పదాలు బట్టీ పట్టాల్సిన పనిలేదు. మీకు తెలిసిన పండు, మీకు తెలిసిన వంటిల్లు చాలు.

ముందు ఒక కొలబద్ద పెట్టుకోండి

దేనితో పోల్చాలో తెలియకుండా మార్కులు వేయలేరు. నా కొలబద్ద సియెరా నెవాడా పేల్ ఏల్. కాలిఫోర్నియాలోని చీకో ఊళ్లో హోమ్‌బ్రూ సామాన్ల దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్, తన మిత్రుడు పాల్ కముసీతో కలిసి పెట్టిన బ్రూవరీ అది. 1980లో బీరు కాయడం మొదలుపెట్టారు. అంతకు కొద్దికాలం ముందే, 1978లో, ఇంట్లో బీరు తయారు చేసుకోవడాన్ని చట్టబద్ధం చేసే బిల్లుపై అప్పటి అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. ఆ కాలంలోనే ఈ రకం బీరు రూపు దిద్దుకుంది.

దాని వెనకున్న అసలు సంగతి ఒక హాప్స్ రకం. పేరు కాస్కేడ్. ఓరెగాన్‌లోని కోర్వాలిస్‌లో, ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనలో భాగంగా, ఇంగ్లండ్ రకం ఫగుల్, రష్యా రకం సెరెబ్రియాంకా వంశాల నుంచి పుట్టించి 1972లో విడుదల చేశారు. యూరప్ హాప్స్‌లో మట్టివాసన, గడ్డి, మసాలా ఛాయలు ఉంటాయి. కాస్కేడ్‌లో పంపరపనస తొక్క వాసన, పువ్వు వాసన, కొంచెం పైన్ చెట్టు జిగురు వాసన ఉంటాయి. శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ 1975లో లిబర్టీ ఏల్‌లో దీన్ని వాడి ఆ వాసనను ముందుకు తెచ్చింది. గ్రాస్‌మన్ పేల్ ఏల్ దాన్ని ఇంటింటికీ చేర్చింది.

ఇక అంకెలు. అమెరికాలో బీరు తీర్పరులకు శిక్షణ ఇచ్చి, పరీక్షలు పెట్టే బీజేసీపీ అనే సంస్థ 1985 నుంచి ఉంది. వాళ్ల రూలు పుస్తకంలో అమెరికన్ పేల్ ఏల్‌ది 18బి విభాగం. ఆల్కహాల్ 4.5 నుంచి 6.2 శాతం, చేదు 30 నుంచి 50 ఐబీయూ, రంగు లేత బంగారం నుంచి కాషాయం కలిసిన తేనె రంగు దాకా. సియెరా నెవాడా 5.6 శాతం, 38 ఐబీయూతో సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. ఐబీయూ అంటే చేదు తెచ్చే పదార్థం ఎంత ఉందన్న లెక్క. నాలుకకు ఎంత చేదు అనిపిస్తుందన్నది వేరే విషయం. మాల్ట్ తీపి ఎక్కువుంటే 45 కూడా మెత్తగానే ఉంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ బీరు మామూలు సూపర్‌మార్కెట్‌లోనే దొరుకుతుంది. హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో తాగేవాళ్లు అక్కడి పేల్ ఏల్‌తోనే మొదలుపెట్టండి. ఏ హాప్స్ వేశారు, ఆ ట్యాంకు ఎప్పుడు సిద్ధమైంది అని అడగండి. శ్రద్ధ ఉన్న బ్రూవర్ సంతోషంగా చెబుతారు.

సీసా మీద తేదీ చూడండి

డబ్బు ఇచ్చేముందు చేయాల్సిన పని ఇది. హాప్స్ వాసన మొదట పోయే గుణం. ప్యాక్ చేసి రెండు మూడు నెలల లోపు ఉన్నది, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మేది తీసుకోండి. కిటికీ పక్కన, ట్యూబ్‌లైట్ కింద నెలల తరబడి నిలబడ్డ సీసాను వదిలేయండి. క్యాన్ దొరికితే ఇంకా నయం, వెలుతురు అస్సలు తగలదు.

నోరు, ముక్కు సిద్ధం చేసుకోండి

మధ్యాహ్నం ఆవకాయ అన్నం తిని సాయంత్రం తీర్పుకి కూర్చోకండి. కారం, ఫిల్టర్ కాఫీ, వక్కపొడి, కిళ్లీ వీటి ప్రభావం గంటల తరబడి నాలుక మీద ఉంటుంది. నేను కొత్తలో ఒకసారి కాఫీ తాగి నేరుగా పోటీకి వెళ్లాను. మొదటి మూడు బీర్లకూ "చేదు మొరటుగా ఉంది" అని రాశాను. పక్కన కూర్చున్న పెద్దాయన అవే బీర్లను మెత్తగా ఉన్నాయన్నారు. నీళ్లు తాగి, బ్రెడ్డు ముక్క నమిలి మళ్లీ చూస్తే ఆయన చెప్పిందే నిజం. ఎవరో నెలరోజులు కష్టపడి చేసిన బీరుకి నా కాఫీ వల్ల మార్కులు పోవడం న్యాయం కాదు. అప్పటినుంచి రెండు గంటల ముందు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను.

గదిలో అగరుబత్తి వద్దు, సెంటు వద్దు, తలలో మల్లెపూలు కూడా ఆ గంట పక్కన పెట్టండి. పోపు పెట్టిన చేతులైతే వాసన లేని సబ్బుతో కడుక్కోండి. దగ్గర మంచినీళ్లు, ఉప్పు లేని బ్రెడ్డు ఉంచుకోండి. ఉప్పు వేయని మరమరాలు కూడా బాగా పనిచేస్తాయి. ఒక బీరుకి 60 నుంచి 90 మిల్లీలీటర్లు చాలు. వయసు 21 నిండనివాళ్లు, గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి. ఎంత కొంచెం తాగినా ఆ తర్వాత బండి తీయకండి.

గ్లాసు, చల్లదనం

పారదర్శకంగా ఉండే గాజు గ్లాసు కావాలి. పొట్ట కొంచెం లావుగా, మూతి కొంచెం సన్నగా ఉంటే వాసన లోపల నిలబడుతుంది. వైన్ గ్లాసు ఉంటే అదే వాడండి. మన ఇళ్లలో అసలు ఇబ్బంది జిడ్డు. నూనె చేయి తగిలిన స్పాంజితో గ్లాసు కూడా కడిగితే సన్నటి జిడ్డు పొర మిగిలి నురుగును చంపేస్తుంది. అప్పుడు నురుగు లేదని బ్రూవర్‌ను తప్పుపడతాం. గ్లాసుకి వేరే స్పాంజి పెట్టుకోండి, వేడినీళ్లతో బాగా తొలిచి బోర్లించి ఆరనివ్వండి, వంటింటి గుడ్డతో తుడవకండి. బీరు పోశాక గ్లాసు గోడలకు బుడగలు అంటుకుని కదలకుండా ఉంటే గ్లాసు శుభ్రంగా లేదని గుర్తు.

ఫ్రిజ్‌లోంచి తీసిన బీరు 3, 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చల్లగా ఉంటే వాసన పైకి రాదు, నాలుక మొద్దుబారుతుంది. 7 నుంచి 10 డిగ్రీల మధ్య కావాలి కాబట్టి పదీ పదిహేను నిమిషాలు బల్ల మీద ఉంచండి. వేసవిలో అయితే ఐదు నిమిషాలు చాలు.

గ్లాసును వంచి పోయడం మొదలుపెట్టి, సగం నిండాక నిటారుగా పెట్టి మధ్యలోకి పోయండి. రెండు వేళ్ల ఎత్తు నురుగు రావాలి. సియెరా నెవాడా లాంటివాటిలో సీసా అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది. చివరి గుక్కంత సీసాలోనే వదిలేయండి.

పోసిన వెంటనే వాసన చూడండి

రంగు చూడటానికి తొందర లేదు. వాసన మాత్రం ఎగిరిపోతుంది, కొన్ని మొదటి అర నిమిషంలోనే పోతాయి. ముందు గ్లాసును ముక్కు కింద నుంచి అలా దాటించండి. తర్వాత రెండు మూడు పొట్టి శ్వాసలు. తర్వాత ఒక నిండు శ్వాస. చివరగా అరచేతితో మూత పెట్టి, గ్లాసును నెమ్మదిగా తిప్పి, చేయి తీసి మళ్లీ చూడండి. ప్రతిసారీ మొదట తట్టిన మాటను కాగితం మీద పెట్టండి. ఆలోచించి దిద్దుకోవద్దు.

ముందు హాప్స్ కోసం వెతకండి. నిమ్మజాతిలో కూడా అన్నీ ఒకటి కావు. నిమ్మకాయా, దబ్బకాయా, కమలాపండా, పంపరపనసా? కాస్కేడ్ వేసిన బీరులో నాకు ఎప్పుడూ పంపరపనస కాయను గోటితో గిల్లినప్పుడు వచ్చే వాసనే తడుతుంది. పండు లోపలి తీపి కాదు, పైతొక్క నూనె. పైన్ వాసన అంటే మనవాళ్లలో చాలామందికి అర్థం కాదు. పచ్చిమామిడికాయ తొడిమ తుంచితే కారే సొనను గుర్తుచేసుకోండి. ఆ జిగురు ఘాటు దాదాపు అదే. మిర్సీన్ అనే పదార్థం మామిడి సొనలోనూ ఉంటుంది, హాప్స్ నూనెలోనూ ఉంటుంది. ఆ పోలిక తట్టినప్పటినుంచి నాకు పైన్ వాసన ఏ బీరులోనూ తప్పిపోలేదు.

ఈమధ్య వచ్చే పేల్ ఏల్స్‌లో సిట్రా, మొజాయిక్ లాంటి కొత్త రకాలు వేస్తున్నారు. వాటిలో పండిన మామిడి, జామపండు, లిచీ వాసనలు ఉంటాయి. అవి కూడా ఈ రకానికి చెల్లుతాయి, మార్కులు తగ్గించకండి. అయితే ఉల్లి, వెల్లుల్లి వాసన గట్టిగా కొడితే రాసుకోండి. కొన్ని హాప్స్‌కి ఆ గుణం ఉంటుంది, అది బీరుకి మేలు చేయదు. చీజ్ వాసన, తడిసిన సాక్సు వాసన వస్తే పాతబడిన హాప్స్ వాడారని అనుమానించండి.

తర్వాత మాల్ట్. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ వాసన మనకు కొత్తది కాదు. హార్లిక్స్ సీసా మూత తీసినప్పుడు వచ్చేది అదే. పేల్ ఏల్‌లో అంత ముద్దగా ఉండదు. మారీ బిస్కెట్, బ్రెడ్డు పైపెచ్చు, దోరగా వేగిన పేలాలు, ఆ స్థాయిలో ఉండాలి. పాకం వాసన లేతగా ఉండొచ్చు. బెల్లప్పాకంలా ముందుకొచ్చి నిలబడితే అది అంబర్ ఏల్ (పాకం రుచి ఎక్కువుండే, ఇంకొంచెం ముదురు రకం) వైపు జరిగిపోయింది.

ముక్కు అలిసిపోతే మీ సొంత మోచేతి మడతను ఒకసారి వాసన చూసి మళ్లీ గ్లాసుకి రండి. వింతగా అనిపించినా పనిచేస్తుంది.

కంటికి ఎలా ఉంది

ఇది నిమిషం పని. తెల్లకాగితం ముందు పెట్టి రంగు చూడండి. నురుగు తెల్లగా లేదా లేత మీగడ రంగులో ఉండాలి, నిలబడాలి, తాగుతున్నకొద్దీ గాజుకి గీతల్లా అంటుకోవాలి. కొంచెం మసకగా ఉంటే కంగారు పడొద్దు, హాప్స్ ఎక్కువ వేసినవాటిలో అది మామూలే. 50 మార్కుల్లో ఈ భాగానికి ఉన్నవి మూడే.

గుక్క వేయండి: చేదు వేరు, వగరు వేరు

అసలు పని ఇక్కడుంది. చిన్న గుక్క కాదు, నాలుక అంతా తడిసేంత తీసుకోండి. నాలుగైదు సెకన్లు నోట్లో తిప్పి మింగండి. వైన్ వాళ్లలా ఉమ్మేయకూడదు. గొంతు దిగాక ఏం మిగిలిందన్నదే ఇక్కడ సగం తీర్పు. మింగిన వెంటనే నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలండి. నోటి వెనక నుంచి ముక్కులోకి వెళ్లే వాసన అప్పుడే దొరుకుతుంది.

గుక్కను మూడు ముక్కలుగా గమనించండి. మొదట మాల్ట్ తీపి కొంచెం తగలాలి. మధ్యలో హాప్స్ రుచి పైకి రావాలి. చివర చేదు వచ్చి ఆ తీపిని తుడిచి, నోటిని పొడిగా వదలాలి. మంచి పేల్ ఏల్ మింగాక ఇంకో గుక్క తీసుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు ఆ చేదును పట్టుకోండి. హాప్స్‌ను మరిగించినప్పుడు వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు రూపం మార్చుకుని బీరులో కరుగుతాయి, అదీ చేదుకి మూలం. ఎప్పుడు మొదలైంది, ఎంతవరకు పెరిగింది, ఎంతసేపటికి దిగింది? మెంతికూర చేదులా మెత్తగా వచ్చి పోతోందా? కాకరకాయలా గట్టిగా ఉన్నా శుభ్రంగా ఉందా? లేక మాత్ర గొంతులో కరిగినట్టు నాలుక వెనక అతుక్కుని వదలడం లేదా? మొదటి రెండూ ఈ బీరుకి తగినవే. మూడోదానికి మార్కులు తగ్గుతాయి.

వగరు దీనికి పూర్తిగా వేరు. అది రుచికన్నా స్పర్శకు దగ్గర. జామపిందె కొరికినప్పుడు, నేరేడుపండ్లు ఎక్కువ తిన్నప్పుడు చిగుళ్లు, బుగ్గల లోపలి గోడలు పట్టేసినట్టు ఉంటుందే, అది. నాలుకను అంగిలికి రాసి చూడండి. గరుకుగా తగిలితే వగరు ఉన్నట్టే. ఎక్కువసేపు మరిగిన టీలో టానిన్ల వల్ల ఎలా వస్తుందో, బీరులో బార్లీ పొట్టును మరీ వేడినీళ్లతో కడిగినా, నీళ్ల క్షారగుణం ఎక్కువైనా అలాగే వస్తుంది. హాప్స్ మోతాదు మించినా రావచ్చు. చాలామంది కొత్త తీర్పరులు దీన్ని కూడా "చేదు ఎక్కువ" అని రాసేస్తారు. ఆ మాట నమ్మి బ్రూవర్ హాప్స్ తగ్గిస్తారు, వగరు మాత్రం అలాగే ఉంటుంది, పైగా బీరు చప్పబడుతుంది. ఒక్క మాట తప్పు రాస్తే అవతలివాళ్ల తర్వాతి 20 లీటర్లు పాడవుతాయి. అందుకే ఈ రెండింటి దగ్గర ఎంత సమయం పట్టినా తొందరపడకండి.

నోట్లో చిక్కదనం మధ్యస్థం కన్నా కొంచెం తక్కువగా ఉండాలి, బుడగలు నాలుకను గిల్లాలి కానీ పొడవకూడదు. దీని గురించి ఇంతకన్నా ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

తప్పులు వెతకండి

ఈ బీరుకి వాడే అమెరికన్ ఈస్ట్ శుభ్రమైనది, తన వాసనను పెద్దగా కలపదు. కాబట్టి పరాయి వాసన ఏది వచ్చినా ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా తగిలేది వెన్న వాసన. సినిమాహాలు పాప్‌కార్న్, బటర్‌స్కాచ్, నాలుక మీద కొంచెం జారుడు. దీని పేరు డయాసిటైల్. చిలికి తీసిన వెన్నకు కమ్మదనం ఇచ్చేది కూడా ఇదే, ఇక్కడ మాత్రం ఉండకూడదు. ఈస్ట్‌ను తొందరగా తీసేస్తే మిగిలిపోతుంది. పచ్చి ఆపిల్ లేదా పచ్చి గుమ్మడికాయ వాసన వస్తే బీరు ఇంకా పక్వానికి రాలేదు. ఉడికించిన మొక్కజొన్న పొత్తు, క్యాబేజీ వాసన వస్తే మరిగించడం చాలలేదని అనుమానించవచ్చు. లవంగం, ఆసుపత్రి కట్టు వాసన వస్తే వేరే ఈస్ట్ చొరబడి ఉండొచ్చు, లేదా నీళ్లలో క్లోరిన్ ఉండొచ్చు. తడిసిన అట్టపెట్టె వాసన గాలి తగిలి పాతబడ్డదానికి గుర్తు.

వాసన ఉందని చెబితే చాలదు, ఎంత ఉందో కూడా రాయండి. ఉండీ లేనట్టుగానా, స్పష్టంగానా, భరించలేనంతగానా? ఈ మూడూ మూడు వేరు వేరు మార్కులు.

మార్కులు

బీజేసీపీ పద్ధతిలో మొత్తం 50. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తీరుకి 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. 45, అంతకు పైన అయితే అత్యుత్తమం. 38 నుంచి 44 చాలా గొప్పది. 30 నుంచి 37 బాగా చేసింది, చిన్న సవరణలు చాలు. 21 నుంచి 29 పర్వాలేదు కానీ ఈ రకానికి సరిగ్గా కుదరలేదు, లేదా చిన్న లోపాలు ఉన్నాయి. అంతకన్నా కింద ఉన్నవి తప్పులతో నిండినవి.

కొత్తవాళ్లు అన్నిటికీ 32 వేసి ఊరుకుంటారు. అలా చేయకండి. మచ్చలేని బీరు దొరికితే 46 వేయండి, భయపడకండి. ఇంకో సంగతి, మీరు తీర్పు చెబుతున్నది ఈ రకానికి. కొలరాడోలో ఆస్కర్ బ్లూస్ వాళ్లు 2002 నుంచి క్యాన్‌లో అమ్ముతున్న డేల్స్ పేల్ ఏల్ 6.5 శాతం ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన బీరు. అయినా పోటీలో 18బి కింద వస్తే, దాని బలం ఈ హద్దు దాటిందని నోట్లో తెలిసినమేరకు నేను రాయాల్సిందే. ఇష్టానికి చోటు ఆ చివరి 10 మార్కుల్లో కొంత ఉంది, మిగతా 40లో లేదు.

ఆ తర్వాత వ్యాఖ్య. "హాప్స్ తక్కువ" అని వదిలేస్తే అవతలివాళ్లకు ఏం తెలుస్తుంది? "పోయగానే పంపరపనస వాసన బాగుంది, ఐదు నిమిషాల్లో తగ్గింది. చివర వేసే హాప్స్ కొంచెం పెంచి చూడండి. చేదు శుభ్రంగా ఉంది, దాన్ని మార్చకండి" అని రాయండి. బాగున్నది కూడా పేరుపెట్టి చెప్పాలి, లేకపోతే వచ్చేసారి దాన్నే మార్చేస్తారు.

ఇంట్లో సాధన

ఒక్కరే చేయకండి. ఇద్దరు కూర్చుని, మాట్లాడుకోకుండా రాసి, అప్పుడు కాగితాలు మార్చుకోండి. తేడా ఏడు మార్కులు దాటితే ఇద్దరూ మళ్లీ గుక్క వేయండి. అవతలివాళ్లు రాసిన మాటను వెతుకుతూ తాగండి, గెలవడానికి కాదు.

వెలుతురు తగిలిన బీరు వాసన ఏమిటో ఒకసారి సొంతంగా చేసుకుని చూస్తే జన్మలో మరిచిపోరు. ఒకే క్యాన్‌ను రెండు గాజు గ్లాసుల్లో పోయండి. ఒకటి మూత పెట్టి చీకటి అల్మారాలో ఉంచండి. రెండోది కూడా మూత పెట్టి నేరుగా ఎండలో పది నిమిషాలు ఉంచండి. హాప్స్ చేదు పదార్థం ఎండకు విరిగి, గంధకంతో కలిసి ఘాటైన కంపు పుడుతుంది. రెండిటినీ నీడలోకి తెచ్చి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరితో ముందు పెట్టించుకుని, కళ్లు మూసుకుని వాసన చూడండి.